మధ్యలో ముప్పై ఏడు

అమ్మా, తల్లీ, ఆఫీసు మిత్రులారా, నీళ్ల ట్యాంకు సిబ్బందీ, పడవలవాళ్లూ, కింది వీధుల నుంచి మెట్లెక్కి వచ్చిన పెద్దలూ, అందరికీ నమస్కారం.

ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు. ఈ మీటింగు హాల్లో కుర్చీలు అరవై. ఇరవై మూడేళ్ల నా సర్వీసులో ఎన్నడూ అరవై నిండలేదు. ఇవాళ గోడ వెంబడి కూడా మనుషులు నిలబడ్డారు. ఏ మంత్రిగారికీ రాని జనం ఒక గేజి రీడరు కోసం వచ్చారు. కిటికీ పక్కన ఉన్నవాళ్లు దయచేసి ఆ తలుపు మూయకండి. నది చప్పుడు కాస్త లోపలికి రానివ్వండి. ఆయనకి అది లేకపోతే తోచేది కాదు.

మనం పోగొట్టుకున్న మనిషిని ఈ ఊళ్లో అందరూ ఆరుగంటలాయన అనేవారు. ఆయన అసలు పేరు ఆఫీసు కాగితాల్లో ఉంది, అక్కడే ఉండనిద్దాం. పని చాలా చిన్నది. వంతెనకి ఈ చివర, గట్టు కింద, నీళ్లలో ఎనిమిది మీటర్ల కొలబద్ద ఒకటి పాతి ఉంటుంది. ఉదయం ఆరింటికి నలభై నాలుగు మెట్లు దిగి దాని మీద నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూడాలి. మళ్లీ నలభై నాలుగు మెట్లెక్కి రిజిస్టర్లో రాయాలి. ఆరుంపావుకి ఫోను మోగుతుంది. అవతలి దేశం గట్టు మీద, వంతెనకి ఆ చివర, సరిగ్గా ఇలాంటి కొలబద్దే మరొకటి ఉంది, దానికీ ఒక మనిషి ఉన్నాడు. ఆయన అంకె ఆయన చెబుతాడు, మన అంకె మనం చెప్పాలి. అయిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చేసింది ఇదే.

ఇక నా సంగతి. నేను ఎనిమిదేళ్ల కిందట రిటైరయ్యాను. అంతకు ముందు ఆయనకి పై అధికారిని. ఆయన మీద ఎంక్వైరీ నడిపి, తప్పు రుజువైందని రాసి, శిక్ష వేసింది నేనే. ఈ విషయం ఇక్కడ సగం మందికి తెలుసు. మిగతా సగానికి పక్కవాళ్లు చెవిలో చెప్పేలోపు నేనే మైకులో చెప్పడం మర్యాద. మరి ఇలాంటివాణ్ణి ఈ సభలో మాట్లాడమని ఎవరు పిలిచారు? ఆయన భార్యే పిలిచింది. ఎందుకమ్మా నన్ను అంటే, మీకే అన్ని తేదీలూ గుర్తుంటాయి కదండీ అంది. అందుకని తేదీల మనిషిగానే మాట్లాడతాను. ఎక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు, ఆయనకి నచ్చేదీ కాదు.

మొదటిది, ఆయన ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది సంగతి.

అప్పటికి పదకొండేళ్లుగా మనకీ వాళ్లకీ నీళ్ల గొడవ. ఒప్పందం ఒకటుంది. ఎండాకాలంలో నీళ్లు మీటరున్నర కంటే కిందికి దిగితే ఇద్దరూ కాలువలు మూసెయ్యాలి, నదిని నదిగా వదిలెయ్యాలి, చేపలూ బతకాలి, కిందనున్న ఊళ్లకి తాగునీళ్లూ మిగలాలి. బాగానే ఉంది. కానీ ప్రతి ఏడూ మన కాలువ ముందు మూతపడేది, వాళ్లది ఇంకో పది పన్నెండు రోజులు పారుతూనే ఉండేది. మన రైతులు గట్టు మీద నిలబడి ఆ పారే నీళ్లని చూస్తూ తిట్టని తిట్టు లేదు. మన పత్రికలు వాళ్లని దొంగలు అని రాశాయి. అవతలి పత్రికలు మనల్ని అబద్ధాలకోరులు అని రాశాయి. రెండుసార్లు వంతెన మీద రాళ్లు పడ్డాయి. ఒకసారి తుపాకులు కూడా వచ్చాయి. సైనికాధికారులు వచ్చి ఈ హాల్లోనే కూర్చుని మ్యాపులు పరిచారు. వాళ్లకి మంచినీళ్ల గ్లాసులు సర్దింది ఆ కొత్త గేజి రీడరే.

ఆ మనిషి ఏం చేశాడో తెలుసా? ఇంట్లో ఉన్న పాత దుర్భిణీ ఒకటి తెచ్చుకున్నాడు. పొద్దున ఆరింటికి మన కొలబద్ద చూసి, అక్కడే నిలబడి, దుర్భిణీతో అవతలి కొలబద్దా చూసేవాడు. రెండు అంకెలూ సొంత నోటుబుక్కులో రాసుకునేవాడు. అంతకు ముందు ఎవరూ అలా చూడలేదా? చూడలేదు. మనం పొద్దున కొలిచేవాళ్లం, వాళ్లు సాయంత్రం కొలిచేవాళ్లు. ఎవరి అంకె వాళ్లు రాజధానికి పంపేవాళ్లు. రెండింటినీ ఒకే నిమిషంలో చూడాలన్న బుద్ధి నాలాంటి ఇంజనీర్లకి పదకొండేళ్లలో పుట్టలేదు.

ఎనిమిది నెలలు రాసుకుని ఆ నోటుబుక్కు నా బల్ల మీద పెట్టాడు. వరదలోనూ ఎండలోనూ వాళ్ల అంకె మన దానికంటే ముప్పై ఏడు సెంటీమీటర్లు ఎక్కువ. ఒక్కరోజు ముప్పై ఆరు లేదు, ముప్పై ఎనిమిది లేదు. నేను ఇంకా అర్థం కానివాడిలా చూస్తుంటే ఒక మాట అన్నాడు. "దొంగ అయితే రోజూ ఒకే కొలత ఎత్తుకెళ్లడు కదండీ." అంతే. కొలబద్దలు పాతినప్పుడే తేడా జరిగింది. వాళ్ల సున్నా మన సున్నా కంటే ముప్పై ఏడు సెంటీమీటర్లు కింద ఉంది. ఒకే నీరు, ఒకే వంతెన, రెండు సున్నాలు. పదకొండేళ్లు మనం కొట్టుకున్నది దానికోసం.

అక్కడితో గొడవ తీరిపోయిందని మీరు అనుకుంటున్నారేమో. లేదు. అప్పుడు అసలు గొడవ మొదలైంది. ఎవరి సున్నా సరైనది? దీనిమీద ఉభయ దేశాల సంఘం మూడుసార్లు కూర్చుంది. మన సున్నా జరపడానికి మనవాళ్లు ఒప్పుకోలేదు, అది దేశం పరువు. వాళ్ల సున్నా జరపడానికి వాళ్లూ ఒప్పుకోలేదు, వాళ్లకీ పరువుంది. మూడో సమావేశానికి రెండు వైపుల గేజి రీడర్లనూ సాక్షులుగా పిలిచారు. వీళ్లిద్దరూ ఎదురెదురుగా నిలబడటం అదే మొదలు. భోజనాల వేళ పెద్దలందరూ లోపలికెళ్తే ఇద్దరూ వంతెన మధ్య గేటు దగ్గర నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, వేళ్లతో లెక్క తేల్చుకున్నారు. మన పుస్తకంలో ఒకటి యాభై ఉన్న రోజు వాళ్ల పుస్తకంలో ఒకటి ఎనభై ఏడు ఉంటుంది, ఆ రోజు ఇద్దరూ కాలువ మూస్తారు. ఏ కొలబద్దనీ జరపక్కర్లేదు. మన ఆరుగంటలాయన దాన్ని నాకు ఇలా చెప్పాడు. "ఎవరి సున్నా వాళ్లదేనండి. మధ్యలో ముప్పై ఏడు ఉందని ఇద్దరికీ తెలిస్తే చాలు."

సంఘం ఆ మాటనే పద్నాలుగు పేజీల్లో రాసి సంతకాలు పెట్టింది. ఆ ఏడు నుంచి అవతలివాళ్లు కూడా పొద్దున ఆరింటికే కొలవడం మొదలుపెట్టారు. ఆరుంపావు ఫోను అప్పుడే మొదలైంది. వంతెన మీద రాళ్లు పడటం ఆగిపోయింది. ఆగిపోయిందని ఏ పత్రికా రాయలేదు. పడని రాయి వార్త కాదు కదా.

ఇక్కడ ఆ ఫోను గురించి కాస్త చెప్పాలి. వాళ్లిద్దరి మధ్యా భాష లేదు. అందుకని ఈయన వాళ్ల భాషలో అంకెలు నేర్చుకున్నాడు, ఆయన మన భాషలో నేర్చుకున్నాడు. మన అంకె వాళ్ల భాషలో వెళ్లేది, వాళ్ల అంకె మన భాషలో వచ్చేది. అంకెల తర్వాత ఒక మాట. పెరుగుతోంది, తగ్గుతోంది, నిలకడ. పది అంకెలు, మూడు మాటలు. అంతకు మించి ఆ లైన్లో ఒక్క ముక్క మాట్లాడకూడదని పైనుంచి ఆర్డరు. ఇద్దరూ ఆ ఆర్డరు అక్షరాలా పాటించారు. బాగున్నావా అని ఒక్కరోజు అడిగినవాళ్లు కారు. పిల్ల పుట్టిన రోజు కూడా ఆయన నోటి నుంచి అంకె తప్ప మరో మాట రాలేదు. తల్లీ, నువ్వు పుట్టిన పొద్దున నది రెండు అరవై నాలుగు, నిలకడ. రిజిస్టరు చూసే చెబుతున్నాను.

ఒకసారి ఎవరో శాంతి సదస్సు పెట్టి ఈయన్ని వేదిక ఎక్కించారు. రెండు దేశాల సామరస్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మైకు ముందుకొచ్చి, ఇవాళ పొద్దున మూడు ఇరవై, నిలకడ అని చెప్పి కూర్చున్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వించడానికి అనలేదు. ఆయనకి తెలిసిన సామరస్యం అదే.

రెండో సంగతికి వస్తున్నాను. ఇది పదహారేళ్ల కిందటిది. ఇది చెప్పడానికే నన్ను పిలిచారని నాకు తెలుసు.

ఆ ఏడు వంతెన గేటు మూసేశారు. ఎందుకు మూశారో ఇప్పుడు ఎవరికీ సరిగ్గా గుర్తులేదు, నాకు కూడా. ఉత్తరాలు ఆగాయి, రాకపోకలు ఆగాయి. ఒప్పందం ఉంది కాబట్టి ఆరుంపావు ఫోను ఒక్కటి మిగిలింది. అలాంటి రోజుల్లో ఒక పొద్దున, ఎగువన మనవైపు ఉన్న రంగుల ఫ్యాక్టరీలో తొట్టి గోడ పగిలింది. విషపు నీళ్లు నదిలోకి దిగాయి. అయిదున్నరకి వాచ్‌మన్ ఆఫీసుకి కబురు చేశాడు. ఆ నీళ్లు వంతెన దగ్గరికి చేరడానికి గంటన్నర పడుతుంది. మన ట్యాంకువాళ్లకి ఆరుగంటలాయనే చెప్పి మన తాగునీటి తూము మూయించాడు. మరి అవతలి ఊరు? వాళ్ల తూము ఏడింటికి తెరుస్తారు. లక్షన్నర మంది తాగే నీళ్లు.

ఆయన నాకు ఇంటికి ఫోను చేశాడు. అవతలివాళ్లకి చెప్పడానికి అనుమతి అడిగాడు. నేనేమన్నానో నాకు మాటమాటా గుర్తుంది. మన తప్పు మనమే ఒప్పుకుని వాళ్ల చేతికి ఇవ్వడం మన స్థాయిలో జరిగే పని కాదు, వివరంగా ఒక లెటరు పెట్టు, పైకి పంపుతాను అన్నాను. అప్పటికి టైము ఆరు. ఆ లెటరు నాలుగు బల్లలు దాటాలి. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. తెలిసే అన్నాను. లెటరు పెట్టమన్నాను కాబట్టి నా పని నేను చేసినట్టే లెక్కవేసుకుని టీ తాగాను.

ఆయన మెట్లు దిగి కొలబద్ద చూశాడు. మూడు నలభై రెండు. రిజిస్టర్లో మూడు నలభై రెండు అనే రాశాడు. ఆరుంపావుకి ఫోను మోగింది. అవతలి ఆయన తన అంకె చెప్పాడు. ఈయన వాళ్ల భాషలో సున్నా అన్నాడు.

ఆ నదిలో సున్నా ఎప్పుడూ లేదు, ఉండదు. ఎంత ఎండలోనూ మీటరుకి తగ్గలేదు. అవతలి ఆయన పొరపాటు అనుకుని మళ్లీ అడిగినట్టున్నాడు. ఈయన మళ్లీ సున్నా, సున్నా, సున్నా అన్నాడు. ఆ పక్కన ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ రోజు ఏడింటికి అవతలి ఊరి తూము తెరుచుకోలేదు. ఏడున్నరకి నది ఊదారంగులో పారింది. సాయంత్రానికి రెండు గట్ల మీదా చచ్చిన చేపలు తేలాయి. మనుషులకి ఏమీ కాలేదు, రెండు వైపులా.

మరి ఎంక్వైరీ ఎక్కడినుంచి వచ్చింది? అవతలి నీళ్ల శాఖవాళ్లు మర్యాదస్తులు. కృతజ్ఞతలు తెలుపుతూ రాజధానికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరమే ఈయన కొంప ముంచింది. మీ ఉద్యోగి మీ ఫ్యాక్టరీ లీకు గురించి మమ్మల్ని సమయానికి హెచ్చరించాడు అని రాస్తే మన పెద్దలకి ఎలా ఉంటుంది? వెంటనే విచారణకి నన్ను నియమించారు.

ఈ హాల్లోనే జరిగింది. అదిగో, ఆ స్తంభం పక్కన ఆయన నిలబడ్డాడు. నేను అడిగాను, ఆ రోజు మట్టం మూడు నలభై రెండేనా అని. అవునన్నాడు. నువ్వు సున్నా అని చెప్పావా అంటే చెప్పానన్నాడు. అయితే కావాలని తప్పు రీడింగు ఇచ్చినట్టేనా అన్నాను. అప్పుడు ఆయన అన్న మాట రికార్డులోకి ఎక్కలేదు. ఎక్కించకపోయింది నేనే. ఇవాళ ఎక్కిస్తున్నాను. "తప్పు రీడింగేనండి. మాకిచ్చిన మూడు మాటల్లో తాగొద్దు అనేది లేదండి."

నేను రాశాను. ఉద్దేశపూర్వకంగా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు రుజువైనది. రెండేళ్లు గేజి దగ్గరికి వెళ్లకూడదన్నాను. స్టోరు గదిలో వేశాను, తుప్పు పట్టిన గొలుసులూ పాత తాళ్లూ లెక్కపెట్టుకోమని. సర్వీసు పుస్తకంలో ఒక ఎర్ర సిరా వాక్యం చేర్చాను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు, నా కుర్చీకేమీ ప్రమాదం లేదు. ఒక మాట తక్కువ రాసినా సరిపోయేది. రాయడం నాకు బాగా వచ్చు కాబట్టి నిండుగా రాశాను. అమ్మా, దీనికి నాకు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది. ఇంతకంటే వేరే మాట నా దగ్గర లేదు.

ఆ రెండేళ్లలో రెండో ఏడు వానాకాలం. ఫోను దగ్గర ఒక గుమస్తాని కూర్చోబెట్టాను. అతను కాగితం చూసి అంకె చదివేవాడు, అవతలి అంకె రాసుకునేవాడు. ఒకరోజు రాసుకుని నవ్వుతూ బయటికొచ్చాడు. అవతలి ముసలాయనకి మతి పోయినట్టుంది, పెరుగుతోంది అన్న మాటే మూడుసార్లు అన్నాడు అని అందరికీ చెప్పి టీకి వెళ్లాడు. వరండా ఊడుస్తున్న మన చెల్లెమ్మ ఆ మాట వింది. ఆరుగంటలాయన ఈమెని చెల్లెమ్మా అనేవాడు, దాంతో ఆఫీసంతా అలాగే పిలవడం అలవాటైంది. అదిగో, తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. అక్కడే ఎందుకమ్మా, ముందుకి రా. రాదు, నాకు తెలుసు. ఆమె చీపురు అక్కడే పడేసి స్టోరు గదికి పరుగెత్తింది.

ఆయన నా గదిలోకి తలుపు తట్టకుండా వచ్చాడు. ఇరవై మూడేళ్లలో అలా వచ్చింది అదొక్కసారే. "సార్, ఆయన ఏ మాటా రెండోసారి అనడండి" అన్నాడు. ఈసారి నేను లెటరు అడగలేదు. ఎందుకు అడగలేదో నిజం చెప్పాలి కదా. కింది వీధుల్లో మూడోదాంట్లోనే మా ఇల్లు. అవతలి ఊరు మునుగుతుందంటే నాలుగు బల్లలు దాటాలి, నా ఇల్లు మునుగుతుందంటే ఏ బల్లా అడ్డం రాలేదు.

నాలుగు వీధులూ బడీ ఖాళీ చేయించాం. మంచాన పడ్డ మా అత్తగారిని మంచంతో సహా మోసిన నలుగురిలో ఆయనొకరు. పదకొండింటికి నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. ఎగువన వాళ్ల ఆనకట్ట గేటు ఒకటి విరిగిపోయిందని తర్వాత తెలిసింది. అవతలి ఆయనకీ ఆ మాట చెప్పడానికి అనుమతి లేదు. ఆయనకీ మూడు మాటలే ఉన్నాయి. ఆ రోజు ఈయన సున్నా అనకపోయి ఉంటే, ఈ వరద రోజు ఆయన మూడుసార్లు అనేవాడా? అన్నా, మనలో ఎవరికైనా అర్థమయ్యేదా? కింది వీధులవాళ్లు ఇవాళ ఎందుకొచ్చారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వారం తిరక్కుండా ఆయన్ని గేజి దగ్గరికి పంపాను. ఎర్ర సిరా వాక్యం మాత్రం కొట్టేయలేదు. కొట్టేయాలంటే ఒక కమిటీ వేయాలి, వేద్దాంలే అనుకున్నాను. అనుకుంటూనే రిటైరయ్యాను. ఆయన ఒక్కసారైనా అడగలేదు. అడిగి ఉంటే నాకు కోపం వచ్చేది, ఆ సంగతీ ఆయనకి తెలుసు.

ఇప్పుడు ఈ పది రోజుల మాట.

మళ్లీ అయిదు నెలలుగా వంతెన మూసి ఉంది. మీరందరూ చూస్తున్నదే. ఆయన జ్వరంతో పడుకున్న రెండు రోజులూ మెట్లు దిగి కొలబద్ద చూసి ఫోనులో అంకె చెప్పింది చెల్లెమ్మ. ఇరవై ఏళ్లుగా వరండా ఊడుస్తూ విన్న అంకెలు, అవతలి భాషలో పొల్లు పోకుండా చెప్పింది. దానికి ఆమెకి మెమో వచ్చింది, అధికారం లేని వ్యక్తి అని. మూడో రోజు ఆయన పోయాడు. పోస్టు ఖాళీ అయింది కాబట్టి కొత్త నియామకం జరిగేదాకా అంకెల మార్పిడి నిలిపివేయమని పైనుంచి కాగితం వచ్చింది. ఫోను గదికి తాళం పడింది. ఒప్పందం రద్దు చేస్తే పెద్ద వార్త అవుతుంది. తాళం వేస్తే ఏ వార్తా కాదు. ఇన్నేళ్ల సంగతి ఒక తాళంకప్పతో తేలిపోతుంది.

తొమ్మిది పొద్దున్లు ఆరుంపావుకి ఆ గదిలో ఫోను మోగింది. చెల్లెమ్మ బయట ఊడుస్తూ వింది. అవతలి ఆయన ఫోను పెట్టేసి, అయిదు నిమిషాలాగి మళ్లీ చేసేవాడట. రోజూ రెండుసార్లు. వానలు రావడానికి ఇంకా మూడు వారాలుంది. రంగుల ఫ్యాక్టరీ తొట్టి గోడ మీద కొత్త సున్నం కనిపిస్తోంది కానీ లోపల గోడ అదే. మరి రేపు మనం సున్నా అనాల్సి వస్తే ఎవరు అంటారు? వాళ్లు మూడుసార్లు అంటే ఎవరు వింటారు?

ఇవాళ పొద్దున నేను వెళ్లాను.

తాళం చెవి నాకెవరిచ్చారో చెప్పను. ఇచ్చినవారు ఈ గదిలోనే, ముందు వరసలోనే ఉన్నారు. ప్రస్తుతం ఫ్యాను వైపు చూస్తున్నారు. అలాగే చూడండి సార్, తప్పులేదు, నేను కూడా ఆ కుర్చీలో కూర్చుని ఫ్యాను చూసినవాణ్ణే.

అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లతో నలభై నాలుగు మెట్లు దిగాను. ఇన్నేళ్ల సర్వీసులో అక్కడిదాకా దిగింది రెండో మూడోసార్లు. నీళ్లు కదులుతున్నాయి. ఒక అలకి రెండు ఇరవై రెండు, ఇంకో అలకి రెండు పదిహేను. ఏది రాయాలో తెలియలేదు. పక్కనున్న చెల్లెమ్మని అడిగాను. ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవాడట. "అల వచ్చినప్పుడు చూస్తే ఎక్కువ, పోయినప్పుడు చూస్తే తక్కువ. రెండు నిమిషాలు ఊరుకుంటే అసలు మట్టం తెలుస్తుంది." అందుకని రోజూ చేతులు కట్టుకుని రెండు నిమిషాలు అలా నిలబడేవాడట. నేనూ నిలబడ్డాను. రెండు పద్దెనిమిది.

పైకొచ్చాం. ఆరుంపావుకి ఫోను మోగింది. ఎత్తాను. అవతల ఒక ముసలి గొంతు, మన భాషలో, రెండు యాభై అయిదు, నిలకడ అంది. ముప్పై ఏడు తేడా సరిగ్గా ఉంది. నేను చెల్లెమ్మ నేర్పినట్టు వాళ్ల భాషలో రెండు, ఒకటి, ఎనిమిది అన్నాను. నిలకడ అన్నాను. ఒక అంకె సరిగ్గా పలకలేదని ఆమె పక్కనుంచి సైగ చేసింది, మళ్లీ చెప్పాను.

తర్వాత ఏం చెప్పాలి? ఆయన పోయాడని అవతలి మనిషికి తెలియదు. ఉత్తరాలు లేవు, పత్రికలు దాటవు. పది అంకెలు, మూడు మాటలు ఉన్నాయి, వాటిలో చనిపోయాడు అన్నది లేదు. సున్నా అందామని నోటి దాకా వచ్చింది. కానీ సున్నా అంటే అక్కడ ఒక ఊరి తూము మూతపడుతుంది, లక్షన్నర మంది బిందెలు పట్టుకుని నిలబడతారు. ఆయన సంపాదించిన మాట అది. నా దుఃఖానికి వాడుకోవడానికి నాకు హక్కు లేదు. అందుకని నేను ఊరుకున్నాను.

గొంతు మారింది కదా. తొమ్మిది రోజుల తర్వాత వేరే గొంతు. అవతలి ఆయనకి అర్థమైంది.

ఇన్నేళ్లూ అంకె చెప్పగానే పెట్టేసే ఫోను, ఆయన పెట్టలేదు. మాట్లాడనూ లేదు. నేనూ పెట్టలేదు. అటువైపు కిటికీ తెరిచి ఉన్నట్టుంది, నది చప్పుడు వినిపించింది. ఇటువైపూ అదే చప్పుడు. నేను తేదీల మనిషిని, అలవాటు చొప్పున వాచీ చూశాను. రెండు నిమిషాలు. ఆ తర్వాత ఆయన మన భాషలో ఇంకొకసారి నిలకడ అన్నాడు. ఏ మాటా రెండోసారి అనని మనిషి. అప్పుడు పెట్టేశాడు.

నేను చెప్పేది అయిపోయింది. ఆ ఎర్ర సిరా వాక్యం తప్పని నేనే రాసి సంతకం పెట్టిన ఉత్తరం ఇదిగో, అధికారిగారి బల్ల మీద పెడుతున్నాను. ఇవాళ పొద్దున అనుమతి లేకుండా ఫోను ఎత్తినందుకు ఎంక్వైరీ వేయాల్సి వస్తే, తెలిసే చేశాడు అని రాయండి, నా మీదే రాయండి. రేపు కూడా ఎత్తుతాను. నాకు మోకాళ్లు ఆడని రోజున చెల్లెమ్మ ఎత్తుతుంది. ఆమెకిచ్చిన మెమో వెనక్కి తీసుకుని ఆ పోస్టు ఆమెకే ఇస్తే, నేను ఇంట్లో కూర్చుని టీ తాగుతాను.

ఇప్పుడు దయచేసి అందరూ లేచి నిలబడండి. చేతులు కట్టుకోండి, ఆయన ఆ మెట్టు మీద నిలబడినట్టు. ఎవరూ ఏమీ మాట్లాడకండి, నీళ్లు కుదురుకోనివ్వండి. రెండు నిమిషాలు. వాచీ నేను చూస్తాను.